‘ఎ లవ్ సుప్రీమ్’ ఎక్కణ్నుంచి పట్టుకోవాలి, టెనర్ మీద ఏ వరుసలో సాధన చేయాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది: కర్ణాటక వయొలిన్ కొన్నేళ్లు నేర్చుకుని, ఏడాదిగా టెనర్ సాక్సోఫోన్ వాయిస్తున్నారు. అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ నాలుగు భాగాల ఆల్బమ్ ‘ఎ లవ్ సుప్రీమ్’ మూడుసార్లు విన్నారు. మొదటి భాగం నచ్చింది, మూడో భాగానికి వచ్చేసరికి తాళం తప్పిపోతోంది, నాలుగో భాగం ఎందుకుందో తెలియలేదు. ఎలా వినాలి, ఏది ముందు సాధన చేయాలి, ఏ ఎడిషన్ కొనాలి?

అన్నిటికంటే ముందు ఒక్క మాట పట్టుకోండి, మిగతా అంతా దాన్నుంచే వస్తుంది. ఇది సాహిత్యం ఉన్న సంగీతం. పాడేవాళ్లు దాదాపు లేకపోయినా మాటలున్నాయి. మొదటి భాగంలో బాస్ వాయించే నాలుగు స్వరాలు ‘ఎ లవ్ సు-ప్రీమ్’ అనే నాలుగు అక్షరాలు. చివరి భాగంలో సాక్సోఫోన్ వాయించేది కోల్ట్రేన్ రాసిన ప్రార్థనా పద్యం, అక్షరానికి స్వరం చొప్పున. కృతి వాయించేటప్పుడు వయొలిన్ కమానులో సాహిత్యం పలకాలని మీ గురువుగారు చెప్పే ఉంటారు. ఆ చెవితోనే దీన్ని వినాలి. రాగం ఏమిటి, స్కేలు ఏమిటి అని మొదలుపెడితే మొదటి భాగం దాటి లోపలికి పోవడం కష్టం.

రికార్డింగు జరిగింది 1964 డిసెంబర్ 9న, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో. నిర్మాత బాబ్ థీల్, కంపెనీ ఇంపల్స్. నాలుగు భాగాలూ ఒక్క రోజులో అయిపోయాయి. 1965 జనవరిలో ఎల్పీ వచ్చింది, మొత్తం నిడివి 33 నిమిషాల చిల్లర. కోల్ట్రేన్‌కు అప్పటికి 38 ఏళ్లు. పియానో మెకాయ్ టైనర్, ఇంకో రెండు రోజుల్లో 26 నిండబోతున్నాడు. బాస్ జిమ్మీ గారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. టైనర్, జోన్స్ 1960లో చేరారు, గారిసన్ 1961 చివర్లో. అంటే ఈ నలుగురూ మూడేళ్లు క్లబ్బుల్లో కలిసి వాయించాక చేసిన పని ఇది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలుసు. అందుకే దీన్ని ‘సాక్సోఫోన్, పక్కవాద్యాలు’ అన్న లెక్కలో వినకండి. కచేరీలో తని ఆవర్తనం వేరుగా వస్తుంది, మిగతా సేపు మృదంగం పాటకు ఒదిగి ఉంటుంది. ఇక్కడ జోన్స్ ఏ క్షణంలోనూ ఒదిగి ఉండడు, మొదటి నుంచి చివరిదాకా సమానంగా మాట్లాడుతూనే ఉంటాడు. మీకు తాళం తప్పడానికి సగం కారణం అదే. దాని సంగతి మూడో భాగం దగ్గర చెప్తాను.

మొదటి భాగం పేరు అక్‌నాలెడ్జ్‌మెంట్. గాంగ్ మోగుతుంది, గుళ్లో జేగంట కొట్టినట్టు. తర్వాత అర నిమిషం పాటు సాక్సోఫోన్ ఇ మేజర్ ఛాయలో ఒక ఆవాహనం చేస్తుంది. మన లెక్కలో (సి ఒకటి, డి రెండు అనుకుంటే) అది మూడు శ్రుతి. తర్వాత బాస్ ఒంటరిగా నాలుగు స్వరాలతో ప్రవేశిస్తుంది: ఎఫ్, ఎ ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్. శ్రుతి ఇప్పుడు నాలుగుకు మారింది, అరమెట్టు పైకి. షడ్జాన్ని ఎఫ్‌లో పెడితే అది స గ స మ, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. కోల్ట్రేన్ సోలో చాలావరకు దీని చుట్టూ ఉన్న ఐదు స్వరాల మీద నిలబడుతుంది: స గ మ ప ని. మీకు వెంటనే శుద్ధ ధన్యాసి తడుతుంది, ఆ స్వరస్థానాలు నిజంగా అవే. కానీ ఆయన శుద్ధ ధన్యాసి వాయించాడని మాత్రం అనుకోకండి. ఆ ఐదు స్వరాలు ఆఫ్రికన్ అమెరికన్ల బ్లూస్‌లో, చర్చి పాటల్లో పుట్టి పెరిగినవి. కోల్ట్రేన్‌కు మన సంగీతం మీద నిజమైన ఆసక్తి ఉంది. 1961లో ‘ఇండియా’ అనే పేరుతోనే ఒక రచన రికార్డు చేశాడు, 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ మీది గౌరవంతో రవి అని పేరు పెట్టుకున్నాడు. అయినా ఈ ఆల్బమ్ మూలం వేరు. ఆయన తాతలిద్దరూ చర్చి బోధకులు. ఆ గొంతుల యాస ఈ సాక్సోఫోన్‌లో వినిపిస్తుంది.

సోలో ముగుస్తుండగా, దాదాపు 4 నిమిషాల 55 సెకన్ల దగ్గర, కోల్ట్రేన్ ఆ నాలుగు స్వరాల పలుకును పట్టుకుని పన్నెండు స్థాయిల్లోనూ తిప్పుతాడు. ఇది గ్రహభేదం కాదు, జాగ్రత్త. గ్రహభేదంలో స్వరాలు అక్కడే ఉంటాయి, షడ్జం మారడంతో రాగం మారుతుంది. ఇక్కడ స గ స మ అనే పలుకు చెక్కుచెదరదు, దాని షడ్జమే గది అంతా తిరిగి వస్తుంది. అప్పటిదాకా విన్న నాలుగు శ్రుతి మన చెవిలో ఉంటుంది కాబట్టి కొన్ని స్థాయిలు దానికి దగ్గరగా, కొన్ని గుచ్చుకున్నట్టుగా వినిపిస్తాయి. ఆ వరుసకు లెక్క వెతకొద్దు. అది అరమెట్టు చొప్పున ఎక్కదు, స నుంచి మ దూరం చొప్పునా తిరగదు. ఒకే మాటను ప్రతి మూలకూ వెళ్లి చెప్పి రావడం, అంతే.

దాదాపు 6 నిమిషాల 5 సెకన్ల దగ్గర గొంతు వస్తుంది: ‘ఎ లవ్ సుప్రీమ్’, మళ్లీ మళ్లీ, జపంలా. అప్పుడు తెలుస్తుంది, మొదటి నుంచి బాస్ అంటున్న మాట అదేనని. ఆ గొంతు కోల్ట్రేన్‌దే, తర్వాత టేపు మీద కలిపింది. జపం చివర్లో ఒక చిన్న విషయం చాలామంది చెవి తప్పించుకుంటుంది. గొంతు, బాస్ కలిసి ఒక మెట్టు కిందికి దిగుతాయి, ఎఫ్ నుంచి ఇ ఫ్లాట్‌కు, అంటే నాలుగు శ్రుతి నుంచి రెండున్నరకు. రెండో భాగం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ కాస్త ఆగి నాలుగు భాగాల షడ్జాలూ వరసగా రాసుకోండి: ఎఫ్, ఇ ఫ్లాట్, బి ఫ్లాట్, సి. నాలుగు శ్రుతి, రెండున్నర, ఆరున్నర, ఒకటి. మొదటి భాగం షడ్జం నుంచి చూస్తే ఇవి స, ని, మ, ప. మొదటి భాగంలో సోలో దేని మీద నిలబడిందో ఆ ఐదు స్వరాల్లో నాలుగే తర్వాత ఒక్కొక్క భాగానికి ఇల్లయ్యాయి. వినేటప్పుడు తంబురా యాప్‌లో ఈ నాలుగు శ్రుతులూ ముందే సిద్ధంగా పెట్టుకుని, ప్రతి భాగం మొదలయ్యేముందు పది సెకన్లు ఆ షడ్జం విని తర్వాత పాట పెట్టండి. కర్ణాటక చెవికి ఇంతకన్నా మంచి తాళంచెవి లేదు. శ్రుతి మారిన సంగతి గమనించకపోవడం వల్లనే మీకు రెండో భాగం నుంచి నేల కదిలినట్టు ఉంది.

రెండో భాగం రిజల్యూషన్. బాస్ ఒంటరిగా మెల్లగా మొదలవుతుంది, ఇరవై సెకన్లకు అందరూ ఒక్కసారిగా పూర్తి గొంతుతో వచ్చిపడతారు. ఎనిమిది బార్ల పల్లవి, బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల కొలత. ఇక్కడ వినాల్సింది టైనర్ ఎడమ చెయ్యి. పియానో అడుగున గట్టిగా ఒక స-ప కొట్టి, దాని మీద మధ్యమ దూరంలో పేర్చిన స్వరాలు పెడతాడు. ఎఫ్ మీద బి ఫ్లాట్, దాని మీద ఇ ఫ్లాట్, ఆ పద్ధతి. మామూలు కార్డుల్లో, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల్లో, గాంధారం ఉంటుంది కాబట్టి అది మేజరా మైనరా అన్నది తేలిపోతుంది. మధ్యమాలతో పేర్చినప్పుడు అది తేలదు, తలుపు తెరిచే ఉంటుంది. కోల్ట్రేన్ సోలోలో బయటికి పోయి రావడానికి ఆ తెరిచిన తలుపే వీలు కల్పిస్తుంది. పియానో సోలోను ‘సాక్సోఫోన్ మళ్లీ ఎప్పుడొస్తుందా’ అని ఎదురుచూస్తూ వినడం చాలామంది చేసే పొరపాటు. ఒక్కసారి సాక్సోఫోన్ లేనట్టే అనుకుని టైనర్ కోసమే ఈ భాగం వినండి.

మూడోది పర్స్యూయెన్స్, మీకు తప్పిపోతున్నది. ముందు జోన్స్ ఒక్కడే దాదాపు ఒకటిన్నర నిమిషం. తర్వాత బి ఫ్లాట్ మైనర్‌లో పన్నెండు బార్ల బ్లూస్, నిమిషానికి 250 దెబ్బలు దాటిన వేగం. మీరు చేత్తో ఆది తాళం వేస్తూ వినడానికి ప్రయత్నించి ఉంటారు. అక్కడే ఇబ్బంది. మన తాళంలో సమం మీద అందరూ కలుస్తారు, కలిసినట్టు వినిపిస్తుంది కూడా. జోన్స్ సమాన్ని చాలాసార్లు ఖాళీగా వదిలేస్తాడు. పైగా ప్రతి దెబ్బనూ మూడుగా విడగొట్టి, ఆ మూడింటిని రెండు చేతులకూ రెండు కాళ్లకూ పంచుతాడు. తిశ్ర నడ ఒకటి అడుగున ఎప్పుడూ దొర్లుతూ ఉంటుంది. పెద్ద దెబ్బ వినపడ్డచోటల్లా సమం అనుకుంటే రెండు బార్లలోనే దారి తప్పుతారు.

దీనికి మందు: డ్రమ్స్‌ను వదిలి బాస్‌ను పట్టుకోండి. గారిసన్ దెబ్బకొక స్వరం చొప్పున నడుస్తాడు. ఆ నడకకు తాళం వేయండి. పన్నెండు బార్లు అంటే 48 దెబ్బలు, ఎనిమిదేసి లెక్కన సరిగ్గా ఆరు ఆవర్తనాలు. మామూలు మైనర్ బ్లూస్ చట్రంలో మొదటి రెండు ఆవర్తనాలు ఇంట్లో, మూడోది మధ్యమం మీది కార్డుకు వెళ్తుంది, నాలుగోది తిరిగి ఇంటికి, ఐదు ఆరు కలిసి ముగింపు. మూడో ఆవర్తనంలో రంగు మారడం పట్టుకుంటే చాలు, మిగతాది దానంతట అదే సర్దుకుంటుంది. మొదట టైనర్ సోలోలో ఈ లెక్క వేయండి. కోల్ట్రేన్ సోలోలో వేయబోతే నిలవదు, ఎందుకంటే ఆయన వాక్యాలు బార్ల హద్దుల మీదుగా పోతాయి. ఈ భాగం చివర అన్నీ ఆగిపోయి గారిసన్ ఒక్కడే మిగులుతాడు, మూడు నిమిషాలకు దగ్గరగా. ఫోన్ స్పీకర్ మీద విన్నవాళ్లకు ఇక్కడ దాదాపు నిశ్శబ్దమే వినిపిస్తుంది, ఆ స్పీకర్లు అంత కింది స్వరాలను పలకలేవు. మీరు మూడుసార్లు ఎలా విన్నారో తెలియదు కానీ, కనీసం ఒక మాదిరి హెడ్‌ఫోన్స్ లేకుండా ఈ ఆల్బమ్ వినొద్దు. నాలుగు వాద్యాల్లో ఒకటి మాయమైపోతుంది.

నాలుగోది సామ్. తెలుగు బైబిల్లో ‘కీర్తన’ అని ఉన్న మాట ఇదే. సి మైనర్, ఒకటి శ్రుతి. తాళం లేదు. జోన్స్ ఇక్కడ టింపనీ వాయిస్తాడు, నగారాల్లాంటి పెద్ద డోళ్లు. వినేవాళ్లకు ఇది గమ్యం లేని ఆలాపనలా అనిపిస్తుంది, మాటలు తెలియకపోవడమే కారణం. ఎల్పీ కవరు లోపల కోల్ట్రేన్ ఒక పద్యం అచ్చువేయించాడు. పాఠకుడికి ఒక ఉత్తరం కూడా ఉంది, అందులో 1957లో తనకు కలిగిన ఆధ్యాత్మిక మేలుకొలుపు గురించి రాశాడు. హెరాయిన్ వల్ల ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ బృందం నుంచి బయటికొచ్చి, ఆ అలవాటును వదిలించుకున్న ఏడాది అది. ఆ పద్యం ‘ఓ ప్రభూ, నీకు తగినవాణ్ని కావడానికి చేయగలిగినదంతా చేస్తాను’ అన్న అర్థంతో మొదలవుతుంది. సంగీత చరిత్రకారుడు లూయిస్ పోర్టర్ ఆ పద్యాన్నీ సాక్సోఫోన్‌నూ పక్కపక్కన పెట్టి, స్వరాలు అక్షరాల వెంట నడుస్తున్నాయని విడమరచి చూపించాడు. పద్యం చేత పట్టుకుని, వేలు అక్షరాల మీద పెట్టి వినండి. అక్కడక్కడ చిన్న తేడాలుంటాయి, కంగారు పడొద్దు. ‘థాంక్యూ గాడ్’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా స్వరం దిగివచ్చి షడ్జం మీద ఆగుతుంది. అదే ఆనవాలు. దారి తప్పితే తర్వాతి ‘థాంక్యూ గాడ్’ దగ్గర మళ్లీ పట్టుకోవచ్చు.

ఇక సాధన. నా సలహా తలకిందులుగా ఉంటుంది: నాలుగో భాగంతో మొదలుపెట్టండి. వేగం లేదు, కార్డుల మార్పు లేదు. నాదం, ఊపిరి, మాట, ఈ మూడే ఉన్నాయి. ఏడాది అనుభవానికి సరిగ్గా సరిపోయేది ఇదే.

సామ్ సాధనలో మొదటి వారం సాక్సోఫోన్ పెట్టె తెరవొద్దు. పద్యాన్ని మామూలుగా గట్టిగా చదవండి. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన చదువులో లఘువు, గురువు అనే కాలం లెక్క ఉంటుంది, ప్రతి అక్షరం దాదాపు సమానమైన బరువుతో పలుకుతుంది. ఇంగ్లిషులో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, మిగతావి దాని చుట్టూ నలిగిపోతాయి. ‘సుప్రీమ్’లో బరువంతా రెండో అక్షరం మీదే, మొదటిది ఊరికే తాకి పోతుంది. మీరు మన పద్ధతిలో సమంగా చదివి, అదే సమంగా వాయిస్తే స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నా కోల్ట్రేన్ వాక్యం రాదు. కాబట్టి రికార్డుతో పాటు చదివి, ఎక్కడ ఆగాడో, ఏ అక్షరాన్ని సాగదీశాడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రెండో వారం అదే పాడండి. గొంతు బాగుండక్కర్లేదు, స్వరస్థానం దాదాపు తగిలితే చాలు. మూడో వారం టెనర్ మీద. మీ వాద్యం బి ఫ్లాట్‌లో ఉంది, అంటే రాతలో సి వాయిస్తే వినిపించేది బి ఫ్లాట్, కాబట్టి వినిపించే సి మైనర్‌కు మీరు రాతలో డి మైనర్ వాయించాలి. తంబురా ఒకటి శ్రుతిలో పెట్టి, మెట్రోనోమ్ ఆపేసి, రోజుకు నాలుగు పంక్తులు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, నెట్‌లో దొరికే స్వరలిపి తీసుకుని చూసి వాయించడం. తాళం లేని సంగీతాన్ని కాగితం మీద పెట్టాలంటే ఏదో ఒక కొలత వేయక తప్పదు, చదివేవాడు ఆ కొలతను నమ్మేస్తాడు. దాంతో పద్యం లెక్కల పట్టికలా తయారవుతుంది. లిపిని స్వరం సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి మాత్రమే వాడండి. రెండో తప్పు, ఊపిరి అయిపోయినచోట ఆగడం. పంక్తి అయినచోట ఆగాలి. ఊపిరి చాలకపోతే పంక్తిని కాస్త వేగంగా చెప్పండి కానీ మాట మధ్యలో విరవకండి.

తర్వాత మొదటి భాగంలోని నాలుగు స్వరాలు. రాతలో మీకు అది జి, బి ఫ్లాట్, జి, సి. మొదట ఒక్క శ్రుతిలోనే పది నిమిషాలు, పలుకుకొక ఊపిరి చొప్పున, నాలుగు స్వరాలూ ఒకే లావుతో. గమకం వద్దు. శుద్ధ ధన్యాసి అలవాటున్న చేతికి గాంధారం దానంతట అదే ఊగుతుంది. ఇక్కడ ఊపితే ఆ పలుకు నాలుగు అక్షరాల మాటగా వినిపించదు.

శ్రుతి విషయంలో వయొలిన్ చెవికి ఒక మాట. తంబురా మీద సాధారణ గాంధారాన్ని చెవికి ఇంపుగా పెడితే అది 6/5 నిష్పత్తి దగ్గర ఆగుతుంది, 316 సెంట్లు (సెంటు అంటే అరమెట్టులో నూరో వంతు). పియానోలో అదే స్వరం 300. మీరు 16 సెంట్లు ఎక్కువలో ఉంటారు, పియానోతో కలిసినప్పుడు అది స్పష్టంగా కొట్టుకుంటుంది. శుద్ధ మధ్యమంలో తేడా 2 సెంట్లే, పట్టించుకోనక్కర్లేదు. అందుకని నాదం కోసం, ఊపిరి కోసం తంబురా పెట్టుకోండి. గాంధారాన్ని మాత్రం కీబోర్డు మీద సరిచూసుకోండి.

ఒక శ్రుతిలో కుదిరాక రోజుకొకటి చొప్పున పన్నెండుకూ విస్తరించండి. రెండు వారాలు పడుతుంది, పడనివ్వండి. కష్టం ఎక్కువగా కింది స్థాయి వేళ్ల నుంచి పై స్థాయి వేళ్లకు దాటేచోట ఉంది. రాతలో ఎ మీద షడ్జం పెడితే ఎ, సి, ఎ, డి వస్తాయి. సి ఒక్క వేలితో పలికేది, డి ఆరు వేళ్లూ మూసి ఆక్టేవ్ కీ నొక్కితే వచ్చేది. బి ఫ్లాట్ మీద, బి మీద షడ్జం పెట్టినా ఇదే గట్టు దాటాలి. ఇక్కడ వేళ్లు ఒకేసారి పడకపోతే మధ్యలో ఒక కప్పకూత లాంటి చప్పుడు వస్తుంది. వేళ్లు కీల నుంచి ఎంత ఎత్తు లేస్తున్నాయో అద్దంలో చూసుకోండి, ఒక సెంటీమీటరు లోపలే ఉండాలి. పైగా ఆ మధ్య డి చాలా టెనర్లలో కాస్త హెచ్చుగా, మూసుకుపోయినట్టు పలుకుతుంది, దాని కింది ఖాళీ సి షార్ప్ పలచగా తగ్గుగా ఉంటుంది. ట్యూనర్ పెట్టుకుని ఒకసారి మీ వాద్యం మొత్తం పరీక్షించి, ఏ స్వరం ఎన్ని సెంట్లు పోతోందో ఒక కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించుకోండి. అరచేతి కీలతో వచ్చే పై డి, ఇ ఫ్లాట్, ఎఫ్ మాత్రం దాదాపు అందరికీ హెచ్చుతాయి. కారణం ఎక్కువగా దవడ బిగింపు, వాద్యం కాదు.

కింది స్వరాల్లో, బి, బి ఫ్లాట్ దగ్గర, నీళ్లు మరిగినట్టు గుడగుడమంటే ముందు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ప్యాడ్ ఎక్కడో గాలి వదులుతుంటే అలా వస్తుంది. జి షార్ప్, కింది సి షార్ప్ ప్యాడ్లు తరచుగా దోషులు. చీకటి గదిలో గొట్టం లోపలికి సన్నని ఎల్ఈడీ దీపపు తీగ దింపి, ఒక్కో కీ మెల్లగా మూయండి. వెలుతురు ఏ అంచునుంచి వస్తే అక్కడ లీకు. సరిచేయడం మాత్రం బాగుచేసేవారికే వదలండి, కీని చేత్తో వంచొద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం ప్యాడ్లు తేమ పీల్చి ఉబ్బుతాయి, జి షార్ప్ అతుక్కుపోతుంది. వాయించడం అయ్యాక ఆ కీ కింద పలచటి కాగితం పెట్టి నొక్కి తేమ తీసేయండి.

కోల్ట్రేన్ అరుపుల్లాంటి పై స్వరాల గురించి కూడా అడుగుతారని ఊహిస్తున్నాను. దానికి దారి కొత్త మౌత్‌పీస్ కాదు. ఆయన వాడినవి సెల్మర్ మార్క్ సిక్స్ టెనర్, ఓటో లింక్ లోహపు మౌత్‌పీస్. వీటి కోసం లక్షలు పెట్టేవాళ్లున్నారు. అవి కొన్నా ఆ నాదం రాదు, ఎందుకంటే అది సగం గొంతు ఆకారంలో ఉంది. కింది బి ఫ్లాట్ వేళ్లు అలాగే మూసి ఉంచి, గొంతు, నాలుక స్థానం మార్చడంతో మాత్రమే దాని పై షడ్జం, తర్వాత పై పంచమం, తర్వాత రెండో పై షడ్జం పలికించండి. రోజుకు ఐదు నిమిషాలు, అంతకు మించొద్దు. రీడును కొరికితే స్వరం వస్తుంది కానీ సన్నగా, హెచ్చుగా వస్తుంది, పెదవి లోపల పుండు పడుతుంది. ఇది నెలల పని. రెండున్నర గట్టిదనం ఉన్న రీడు మీద రాకపోతే మూడు మీద కూడా రాదు.

పర్స్యూయెన్స్‌ను ఇప్పుడే ముట్టుకోవద్దు. బి ఫ్లాట్ మైనర్ బ్లూస్, రాతలో మీకు సి మైనర్, నిమిషానికి 100 వేగంలో ఆరు ఆవర్తనాల లెక్క తప్పకుండా పది చుట్లు రావాలి. వేగం వారానికి ఎనిమిది పది దెబ్బలకు మించి పెంచొద్దు. రిజల్యూషన్ అన్నిటికంటే చివర. చూడ్డానికి సులువైన పల్లవే కానీ, పూర్తి గొంతుతో పైస్థాయిలో నిలబెట్టి పలకాలి. నాదం స్థిరపడకముందు పడితే దవడ బిగించడం అలవాటైపోతుంది.

ఇక ఎడిషన్లు. స్ట్రీమింగ్‌లో వింటే షఫుల్ తీసేయండి, క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి, గ్యాప్‌లెస్ పెట్టండి. ఎల్పీలో మూడు, నాలుగు భాగాలు రెండో వైపు విడదీయకుండా ఒకటిగా ఉన్నాయి. గారిసన్ ఒంటరి వాదనం నుంచి సామ్‌లోకి పోయేచోట యాప్ అర సెకను గ్యాప్ పెట్టినా అతుకు తెగిపోతుంది. మొదటి రెండు భాగాల తర్వాత మాత్రం ఎల్పీ తిప్పే విరామం ఉండేది. మీరూ అక్కడ ఒక నిమిషం ఆగండి.

సీడీ కొనేట్టయితే నేను 2015లో వచ్చిన కంప్లీట్ మాస్టర్స్ తీసుకోమంటాను. దానికంటే ముందు 2002లో వచ్చిన డీలక్స్ ఎడిషన్‌లో 1965 జులై 26న ఫ్రాన్స్‌లోని ఆంటిబ్ ఉత్సవంలో వాయించిన రూపం ఉంది, నలుగురూ అదే బృందం, నిడివి మాత్రం బాగా పెరిగింది. డిసెంబర్ 10న, అంటే మర్నాడు, ఆర్చీ షెప్ రెండో టెనర్‌గా, ఆర్ట్ డేవిస్ రెండో బాస్‌గా చేరి ఆరుగురు మొదటి భాగాన్ని మళ్లీ వాయించారు. ఆల్బమ్‌లోకి అవి రాలేదు. 2002లో రెండు, 2015లో మొత్తం వచ్చాయి. వింటే కోల్ట్రేన్ నలుగురి రూపాన్నే ఎందుకు ఉంచాడో తెలుస్తుంది. వాయిద్యాలు పెరిగేసరికి ఆ నాలుగు అక్షరాల చుట్టూ ఉన్న ఖాళీ పోయింది. 2021లో విడుదలైన, ఇదే రచన సియాటిల్ రికార్డింగు 1965 అక్టోబర్ 2 నాటిది, ఇంకో టెనర్ కళాకారుడు ఫారో శాండర్స్ తదితరులు చేరిన పెద్ద బృందం, 75 నిమిషాలు. అది గొప్పదే, కానీ స్టూడియో రూపం కంఠతా వచ్చాకే దాని దగ్గరికి వెళ్లండి. లేకపోతే ఏది ఎక్కడ మొదలైందో తెలియదు.

తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. కోల్ట్రేన్ 1967 జులై 17న, 40 ఏళ్లకే కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. ఆయన భార్య ఆలిస్, తానూ గొప్ప పియానో, హార్ప్ కళాకారిణి, తర్వాత తురీయసంగీతానంద అన్న పేరు తీసుకుని కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపింది, పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలైంది. ఆమె ఆర్గన్ వాయిస్తూ పాడించిన భజనల రికార్డింగులు దొరుకుతాయి. మన చెవికి తెలిసిన భజన పదాలు బ్లూస్ చర్చి స్వరంలో ఎలా పలుకుతాయో వింటే, సామ్‌లో సాక్సోఫోన్ ఏం చేస్తోందో ఇంకో వైపు నుంచి అర్థమవుతుంది.

2015 సెట్టు ఎందుకన్నానో చెప్పి ఆపుతాను. అందులో మొదటి భాగం జపం తాలూకు గొంతు కలిపిన ఇతర ప్రయత్నాలున్నాయి. సామ్ కూడా తర్వాత ఏమీ కలపకముందు రూపంలో ఉంది. ముందు ఆల్బమ్‌లో ఉన్న సామ్ చివరి అర నిమిషం హెడ్‌ఫోన్స్‌లో వినండి, వెంటనే ఈ రెండోది పెట్టండి. పద్యం చివర ఆమెన్ దగ్గర మొదటి దాంట్లో కోల్ట్రేన్ ఒక్కడే లేడని, తన మీద తానే ఇంకో వరస కలిపాడని అప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. మీరు సాధన చేయాల్సింది కలపని రూపంతో.